క్యాజువాలిటీలో కొత్తగా చేరిన నర్సులకి: ఏ షిఫ్ట్ అడగాలి? (తరచుగా అడిగే ప్రశ్నలు)

జీఎన్‌ఎమ్ (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి క్యాజువాలిటీలో, అంటే ఆసుపత్రి అత్యవసర విభాగంలో, అడుగుపెట్టే పిల్లలు ఏటా నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. అడిగిన ప్రతిసారీ టీ చల్లారేదాకా చెబుతూనే ఉన్నాను, అందుకని ఈసారి ఒకచోట రాసి పెడుతున్నాను. పదిహేనేళ్లుగా గోదావరికి ఇటూ అటూ పనిచేశాను. మొదట ప్రైవేటు, తర్వాత ప్రభుత్వం. ఇప్పుడు డ్యూటీ చార్టు వేసేది నేనే. నైట్ పడిందని బాత్రూములో ఏడ్చిన రోజులూ గుర్తున్నాయి, ఎవరికి నైట్ వెయ్యాలో తేలక తల పట్టుకునే రోజులూ నడుస్తున్నాయి.

అసలు షిఫ్టులు ఎలా ఉంటాయి?

మన వైపు ఎక్కువ ఆసుపత్రుల్లో పాత పద్ధతే: మార్నింగ్ 8 నుంచి 2, ఆఫ్టర్‌నూన్ 2 నుంచి 8, నైట్ రాత్రి 8 నుంచి పొద్దున్న 8. పగటివి రెండూ ఆరేసి గంటలు, రాత్రిది పన్నెండు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో పగలు 12, రాత్రి 12. ఎనిమిదేసి గంటలు మూడు షిఫ్టులు నడిపేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సరే, హ్యాండోవర్‌కి, అంటే తర్వాతి షిఫ్టువాళ్లకి పేషెంట్లని అప్పగించడానికి, ఇంకో అరగంట కలుపుకోండి. సరిగ్గా 8కి గేటు దాటిన నైట్ సిస్టర్‌ని నేనింతవరకూ చూడలేదు.

కొత్తవాళ్లకి ఎంచుకునే వీలు నిజంగా ఉంటుందా?

పూర్తిగా ఉండదు. అసలే లేదని కూడా కాదు. చేరిన మొదటి వారంలో, ఇన్‌ఛార్జ్ సిస్టర్ మీ పేరు చార్టులో ఎక్కడ ఇరికించాలా అని చూస్తున్నప్పుడు, మర్యాదగా ఒక కారణం చెప్పి అడిగితే చాలాసార్లు వింటారు. “నాకు నైట్ వద్దు మేడమ్” అంటే ఎవరూ వినరు. “మొదటి రెండు నెలలు ఆఫ్టర్‌నూన్ వెయ్యండి మేడమ్, ఫలానా సిస్టరుగారి పక్కన నేర్చుకుంటాను, తర్వాత మీరు ఏది వేసినా చేస్తాను” అంటే వింటారు. చార్టు వేసేవాళ్లకి కావలసింది ఆ రెండో ముక్క.

మొదటి మూడు నెలలు ఏ షిఫ్ట్ అడగాలి?

ఆఫ్టర్‌నూన్.

అందరూ మార్నింగ్ అడగమంటారు, ఇంట్లోవాళ్లు మరీను. మార్నింగ్‌లో పెద్ద డాక్టర్లు, సూపరింటెండెంట్, స్టూడెంట్లు అందరూ ఉంటారన్న మాట నిజమే. అంతమంది మధ్య కొత్త అమ్మాయి చేతికి దొరికేది ఏమిటి? రౌండ్స్ వెనకాల కేస్ షీట్లు పట్టుకుని నడవడం, కావలసిన మందులకి ఇండెంట్ రాయడం, స్టాకు లెక్కపెట్టడం, స్కానింగ్‌కి పేషెంట్‌ని పంపడం. ఇవీ రావాలి, కాదనను. కానీ సీరియస్ కేసు వచ్చేసరికి మంచం చుట్టూ పదిమంది చేరతారు, మీరు కర్టెన్ దగ్గర నిలబడి చూస్తారు.

సాయంత్రం నాలుగు దాటాక చూడండి. ఓపీ మూసేస్తారు, ఇక జ్వరమైనా ఆయాసమైనా క్యాజువాలిటీయే దిక్కు. బడి వదిలిన పిల్లలు సైకిళ్ల మీంచి పడి వస్తారు. పొద్దుటి నుంచి చేలో మందు కొట్టిన రైతు ఇంటికొచ్చి, స్నానం కూడా చెయ్యకుండా పడుకుని, కళ్లు తిరుగుతున్నాయంటూ వస్తాడు. కొబ్బరి చెట్టు మీంచి జారినవాళ్లని అరుగు చెక్క మీదే మోసుకొస్తారు. మెడ కదపకుండా ఆ చెక్క మీంచి మంచం మీదికి ఎలా మార్చాలో ఏ పుస్తకమూ చేతికి నేర్పదు, నలుగురితో కలిసి ఎత్తినప్పుడే వస్తుంది. దీపాలు పెట్టే వేళకి 16వ నంబరు జాతీయ రహదారి మీద నుంచి 108 బళ్లు మొదలవుతాయి. రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం, ఎటు నుంచైనా.

ఇంత పని వస్తున్నా, ఆ వేళకి డ్యూటీ డాక్టర్ అలసిపోయి ఉండరు, సీనియర్ సిస్టర్ పక్కనే ఉంటుంది, ల్యాబు తెరిచే ఉంటుంది, ఎక్స్‌రే మనిషి పిలిస్తే పలుకుతాడు. పని మీ చేతికి అందుతుంది, మీ చెయ్యి తప్పితే పట్టుకునే చెయ్యి దగ్గర్లోనే ఉంటుంది. అందుకే నేను షిఫ్ట్‌ని గడియారం చూసి అడగవద్దంటాను. ఆ వేళకి మీ పక్కన ఎవరుంటారో చూసి అడగండి.

నా సంగతి చెబుతాను. నేను చేరినప్పుడు పట్టుబట్టి మార్నింగ్ వేయించుకున్నాను. నాలుగో నెలలో మొదటి నైట్ పడింది. ఒంటిగంటన్నరకి ఊపిరి అందని ముసలాయన వచ్చాడు. గొంతులో గొట్టం వెయ్యడానికి వాడే ల్యారింగోస్కోప్ తీసి ఇచ్చాను, బల్బు వెలగలేదు. బ్యాటరీలు ఎక్కడుంటాయో నాకు తెలియదు. డాక్టరుగారు చాచిన చెయ్యి అలాగే చాచి నిలబడ్డారు. ఆయమ్మ వచ్చి కింది సొరుగు లాగి చూపించింది. మూడు నెలలు అదే గదిలో తిరిగాను, ఆ సొరుగు ఒక్కసారీ తెరవలేదు.

మరి మార్నింగ్ ఎవరికి మంచిది?

చంటిపిల్లల తల్లులకి, ఒంట్లో బాగాలేనివాళ్లకి. చదువుతున్నవాళ్లకి కాదు. తెల్లారగట్ల చదువుదామనుకుంటారు, ఆరింటికి బస్సు పట్టుకోవాలి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: గుండెపోట్లు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నంలోపు ఎక్కువ. మార్నింగ్ అంటే తేలిక అనుకుని వచ్చినవాళ్లు వరసగా ఈసీజీలు తీస్తూ కనబడతారు.

నైట్ డ్యూటీకి సిద్ధమయ్యానని ఎలా తెలుస్తుంది?

నెలలు లెక్కపెడితే తెలియదు. చార్టు వేసేటప్పుడు నేను చూసేవి ఇవి. క్రాష్ కార్ట్‌లో (అత్యవసర మందులు, సామాన్లు ఉండే బండిలో) ఏ అరలో ఏముందో చూడకుండా చెప్పగలగాలి. ఈసీజీ తీసి, ఇది మామూలుగా లేదని పట్టుకోగలగాలి. ఏమిటో చెప్పడం డాక్టర్ పని, మామూలుగా లేదని పట్టుకోవడం మీ పని. ఎంఎల్‌సీ కేసు, అంటే పోలీసులకి తెలియజెయ్యాల్సిన కేసు, వస్తే ఏ రిజిస్టరులో రాయాలో, పోలీసులకి ఇంటిమేషన్ ఎవరు పంపాలో తెలియాలి. సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు రాత్రిపూట ఏ బీరువాలో ఉంటాయో, తాళం ఎవరి దగ్గరో తెలియాలి. అవి రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటల లోపు తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యం, నిద్రపోతున్న డాక్టర్‌ని లేపడానికి భయపడకూడదు. “ఇంతదానికి లేపావా” అని విసుక్కునేవాళ్లు ఉంటారు. విసుక్కోనివ్వండి.

రాత్రి కేసు పగటి కేసులా రాదు. వరినాట్ల రోజుల్లో నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఒక్కోసారి కాటు కూడా కనబడదు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో వచ్చి “కడుపులో నొప్పండి, సిస్టరుగారండి” అంటాడు. గ్యాస్ అనుకుని ఒక ఇంజెక్షన్ ఇచ్చి బెంచీ మీద పడుకోబెట్టాలనిపిస్తుంది. అప్పుడు చూడాలి: కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా, ఉమ్మి మింగగలుగుతున్నాడా, నేల మీద పడుకున్నాడా మంచం మీదా. కాసేపట్లో ఊపిరి తీసే కండరాలు కూడా పడిపోవచ్చు. అతన్ని ముందు చూసేది డాక్టర్ కాదు, మీరు.

రక్తపింజరి అయితే వేరే కథ. రక్తం గడ్డకట్టదు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబులో పెట్టినా, కడిగిన తడి ట్యూబులో పెట్టినా ఆ ఫలితాన్ని నమ్మలేం. “గడ్డ కట్టిందా లేదా” అని మధ్యలో రెండుసార్లు ఊపి చూసే కొత్తవాళ్లని చూశాను, నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది.

ఇక పురుగుమందు తాగిన కేసు. దానికి విరుగుడైన అట్రోపిన్ ఎక్కిస్తూ రాత్రంతా పక్కనే ఉండాలి. ఛాతీలో గురగుర తగ్గిందా, నాడి ఎంత, చెమట ఆగిందా, కంటిపాప ఎలా ఉంది అని మొదట్లో ఐదేసి నిమిషాలకోసారి చూస్తూ, రాస్తూ ఉండాలి. ఇలాంటి కేసు ఒక్కటైనా ఆఫ్టర్‌నూన్‌లో సీనియర్ పక్కన నిలబడి చేసి ఉంటే నైట్‌లో చెయ్యి వణకదు. లేకపోతే ఇంకొక్క నెల ఆగుతానని అడగండి. సిగ్గుపడే విషయం కాదు.

వరసగా ఎన్ని నైట్లు చెయ్యొచ్చు? షిఫ్టులు ఏ వరసలో ఉండాలి?

12 గంటల నైట్లయితే మూడు నాకు సమ్మతం, నాలుగు కష్టం. వారం రోజులు వరసగా వేసే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. “ఒంటికి అలవాటవుతుంది, తర్వాత వారం సుఖం” అంటారు వాళ్లు. అలవాటవదు. ఊరంతా పగలు మేలుకుని ఉంటుంది, ఎండ మొహాన కొడుతూ ఉంటుంది, ఒంట్లో గడియారం ఆ ఎండ మాటే వింటుంది. ఐదో రాత్రికి మందు డోసు రెండుసార్లు చదివినా బుర్రకెక్కదు.

వరస మాత్రం ముందుకి ఉండాలి: మార్నింగ్, తర్వాత ఆఫ్టర్‌నూన్, తర్వాత నైట్. నిద్రని వెనక్కి లాగడం కంటే ముందుకి జరపడం ఒంటికి తేలిక. నైట్ దిగిన మర్నాడే మార్నింగ్ వేస్తే అడగండి, గట్టిగానే అడగండి. నైట్ ఆఫ్‌ని సెలవు కింద లెక్కకట్టే తెలివైనవాళ్లుంటారు. పొద్దున్న 8కి దిగి, పడుకుని, సాయంత్రం ఐదింటికి లేచిన రోజు సెలవు ఎలా అవుతుంది?

పర్మనెంట్ నైట్ తీసుకుంటే? అలవెన్సూ వస్తుంది, పగలు చదువుకోవచ్చు కదా?

నార్‌సెట్‌కో (ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష), ఓఈటీకో (విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష), జర్మన్ భాషకో చదివే పిల్లలు ఇది తప్పకుండా అడుగుతారు. ఆరునెలలు, గడువు పెట్టుకుని, రెండేళ్ల అనుభవం తర్వాత అయితే సరే. కొత్తగా చేరినప్పుడు మాత్రం వద్దు. రాత్రి నేర్పేవాళ్లు తక్కువ, చూసిపెట్టేవాళ్లు ఇంకా తక్కువ. చేసిన తప్పే అలవాటై కూర్చుంటుంది. పగలు చదువుదామన్నది కూడా ఎక్కువమందికి మాటగానే మిగిలిపోతుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని నిద్రపోతారు.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి చేసే రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో పెట్టింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది. నాలుగు నైట్లు చేస్తే క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు, టెన్షన్ పడకండి. పదేళ్లపాటు నెలకి కొన్ని వందల రూపాయల కోసం రాత్రులన్నీ రాసివ్వకండి, అంతే.

12 గంటల పగటి షిఫ్ట్ మంచిదా, 6 గంటలది మంచిదా?

ఇల్లు దూరమైతే 12. వారంలో నాలుగుసార్లు బస్సెక్కితే సరిపోతుంది. హాస్టల్లోనో, పక్క వీధిలోనో ఉంటే 6. క్యాజువాలిటీలో తొమ్మిదో గంట తర్వాత కాళ్లు చెప్పే మాట మనసు వినదు, చేతులు వింటాయి. నరంలోకి పెట్టే సెలైన్ గొట్టం, కాన్యులా, రెండుసార్లు తప్పేది అప్పుడే.

డ్యూటీకి రానూపోనూ ఎలా?

నా లెక్కలో షిఫ్ట్ ఎంపికలో సగం ఇదే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కొత్త జీతాల పిల్లలకి ఇది పెద్ద ఊరట. కానీ ఉచితం అయినంత మాత్రాన రాత్రి 8:40కి మీ ఊరి బస్సు ఉండదు. ఆఫ్టర్‌నూన్ ఒప్పుకునే ముందు బస్టాండుకెళ్లి మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో కండక్టర్‌నే అడగండి. బోర్డు మీద రాసిన టైమూ, బస్సు బయల్దేరే టైమూ ఒకటి కావు. శనివారాలైతే వాడపల్లి వెంకన్న దర్శనానికొచ్చే జనంతో రావులపాలెం చుట్టూ రోడ్లు నిండిపోతాయి, గంట ముందు బయల్దేరాలి.

నది దాటి వచ్చేవాళ్లకి మరో లెక్క ఉంది. సఖినేటిపల్లిలో ఇల్లు, నరసాపురంలో డ్యూటీ అనుకోండి. రేవులో పంటు (బండ్లనీ మనుషులనీ దాటించే పడవ) ఎక్కితే ఇట్టే దాటేస్తారు. కానీ వరదొస్తే పంటు కట్టేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీంచి తిరిగి రావాలి. అలాంటివాళ్లు వానాకాలంలో ఆఫ్టర్‌నూన్ వదిలి నైట్ తీసుకోవడమే నయం. వెలుగుండగా దాటి, వెలుగొచ్చాక తిరిగి దాటుతారు. నేనిందాక ఆఫ్టర్‌నూన్ అడగమన్నాను కదా, అది ఇలాంటివాళ్లకి వర్తించదు.

స్కూటీ మీద వచ్చేవాళ్లు ఇది చదవండి. 1997లో ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పని, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితో సమానంగా దిగజారింది. 24 గంటలు మేలుకుంటే 0.10 శాతంతో సమానం. మన దేశంలో బండి నడిపేవాళ్లకి చట్టం పెట్టిన హద్దు 0.03. ఇప్పుడు మీ లెక్క వేసుకోండి. పొద్దున్న 8కి లేచి, మధ్యాహ్నం పడుకోకుండా నైట్‌కి వెళ్తే, రాత్రి ఒంటిగంటకే 17 గంటలు. మర్నాడు 8కి బండి తాళం తీసేసరికి 24. కాలవ గట్టు రోడ్డు, ఎదురుగా ఎండ, పక్కనే నీళ్లు. మా దగ్గర పనిచేసిన ఒక బ్రదర్ (మగ నర్సు) బండితో సహా కాలవలోకి వెళ్లాడు. నడుము లోతు నీళ్లు కాబట్టి నవ్వుకుంటూ మా క్యాజువాలిటీకే వచ్చాడు, తడి యూనిఫారంతో.

నైట్ దిగాక ఇరవై నిమిషాలు రెస్ట్ రూములో కునుకు తీసి బయల్దేరండి. ఇంట్లో కంగారుపడతారనుకుంటే ముందే ఫోన్ చెయ్యండి.

రాత్రి ఏం తినాలి? టీ, కాఫీ ఎంతవరకూ?

ఎనిమిదికి ముందే ఇంటి దగ్గర కడుపునిండా తినండి. అర్ధరాత్రి తేలిగ్గా ఏదైనా: పెరుగన్నం, ఒక అరటిపండు, మజ్జిగ. రెండింటికి బిరియానీ తెప్పించుకునే బ్యాచ్ ప్రతిచోటా ఉంటుంది. మూడు నుంచి ఐదు మధ్య ఒళ్లు చల్లబడి, మెదడు మొద్దుబారే వేళ, ఆ బిరియానీ పనిచేస్తుంది. కాఫీ, టీ రెండింటి తర్వాత ఆపెయ్యండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది. నాలుగింటి టీ తొమ్మిదింటికి మీ నిద్ర చెడగొడుతుంది.

పగలు నిద్ర పట్టదు. ఏం చెయ్యాలి?

ముందుగా చెప్పాలి, తప్పు మీది కాదు. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఎవరికి నిద్ర పడుతుంది? ధనుర్మాసంలో తెల్లారకుండానే గుడి మైకు, పెళ్లిళ్ల సీజనులో బ్యాండు, మిగతా రోజుల్లో కూరగాయల బండి మైకు. కిటికీకి నల్లగుడ్డ కట్టండి, చెవుల్లో దూది పెట్టండి, సెల్లు వేరే గదిలో పెట్టండి. ఇంటికొచ్చే దారిలో నల్లద్దాలు పెట్టుకుంటే ఎండ కళ్లలో పడదు, నిద్ర తొందరగా వస్తుంది. ఊళ్లోవాళ్లు “డాక్టరమ్మలా అద్దాలేంటి” అంటారు, అననివ్వండి.

ఒక్క విడతలో ఏడు గంటలు పట్టకపోతే రెండు విడతలుగా పడుకోండి: తొమ్మిది నుంచి ఒంటిగంట, మళ్లీ నాలుగు నుంచి ఆరున్నర. నేను పన్నెండేళ్లు ఇలాగే గడిపాను.

ఇంట్లో అర్థం చేసుకోరు. “పగలంతా పడుకుంటుంది” అంటారు.

మా అత్తయ్యగారూ అన్నారు. ఒకరోజు ఆవిడకి రాత్రి ఆయాసం వస్తే నేను డ్యూటీలో ఉండగానే తీసుకొచ్చారు. రాత్రంతా మంచం మీద కూర్చుని మేమేం చేస్తున్నామో చూశారు. మర్నాటి నుంచి నేను పడుకుంటే వీధి తలుపు దగ్గర ఆవిడే కుర్చీ వేసుకుని కూర్చునేవారు, ఎవరొచ్చినా “మా కోడలు నైట్ చేసొచ్చిందండి, సాయంత్రం రండి” అని పంపేసేవారు. అందరికీ ఇలా జరగదని తెలుసు. చార్టు ఫొటో తీసి ఫ్రిజ్ మీద అంటించండి. పడుకునే గంటలు కూడా డ్యూటీ గంటల్లాగే అందులో రాయండి. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు నైట్ డ్యూటీ ఉంటుందని ముందే చెప్పడం మంచిది. దాచి చేసుకున్న పెళ్లిళ్లలో ఉద్యోగాలు మానేసినవాళ్లని చాలామందిని చూశాను.

పండగలకి, వరదలకి డ్యూటీలు ఎలా ఉంటాయి?

సంక్రాంతి మూడు రోజులూ సెలవు దొరకదనే అనుకోండి. భోగి నాటి నుంచి కోడిపందేల బరుల దగ్గర కత్తి తగిలినవాళ్లు వస్తారు. పుంజు కాలికి కట్టే కత్తి చిన్నదే, కానీ తొడలో పెద్ద రక్తనాళం తెగితే నిమిషాలే ఉంటాయి. బరిలో తగిలిందని ఎవరూ చెప్పరు, “కొబ్బరికాయ కొడుతుంటే తెగిందండి” అంటారు. తాగి బండి నడిపినవాళ్లు వేరే. పండగ ఆఫ్టర్‌నూన్‌కి మీ పేరు ఉంటే సీనియర్ ఎవరో ముందే కనుక్కోండి.

వరదకైతే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం చూడటం నేర్చుకోండి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటింది. లంక గ్రామాల నుంచి వచ్చే నర్సులు రెండో హెచ్చరిక దాకా ఆగకండి. మొదటిది వచ్చిన రోజే ఇన్‌ఛార్జ్‌కి చెప్పి, రెండు జతల బట్టలు తెచ్చుకుని హాస్టల్లో ఉండిపోండి, లేదంటే షిఫ్ట్ మార్చుకోండి. కాజ్‌వే మునిగాక ఫోన్ చేసి “రాలేనండి” అంటే ఇక్కడ ఇంకొకరికి డబుల్ డ్యూటీ పడుతుంది. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజులకి ఏ సెలవూ ప్లాన్ చేసుకోకండి.

డబుల్ డ్యూటీ చెయ్యమంటే?

వరద, పెద్ద యాక్సిడెంట్, ఎవరింట్లోనో చావు, వీటికి చెయ్యండి. మనమూ ఒకరోజు అడగాల్సొస్తుంది. “స్టాఫ్ లేరు” అని నెలకి ఆరుసార్లు అడిగితే అది అవసరం కాదు, అలవాటు. నేను ప్రైవేటులో ఉన్నప్పుడు ఒక చోట వరసగా 24 గంటలు చేశాక, కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇస్తామన్నది నోటిమాటగానే పోయింది. అప్పటి నుంచి చేసిన ప్రతి అదనపు గంటకీ చార్టు మీద సంతకం పెట్టించుకుంటున్నాను.

స్నేహితురాలితో షిఫ్ట్ మార్చుకోవచ్చా?

మార్చుకోండి, కానీ వాట్సాప్‌లో మీరిద్దరూ అనుకుంటే సరిపోదు. చార్టులో పేరు మారాలి, ఇన్‌ఛార్జ్ సంతకం ఉండాలి. ఆ రాత్రి ఏదైనా జరిగి ఎంక్వయిరీ వస్తే కాగితం మీద ఎవరి పేరుందో వాళ్లనే పిలుస్తారు.

గర్భిణిగా ఉన్నప్పుడు నైట్ చెయ్యాలా?

మూడోనెల దాకా ఎవరికీ చెప్పకూడదనే పట్టింపు మనలో ఉంది. క్యాజువాలిటీలో అది కుదరదు. పోర్టబుల్ ఎక్స్‌రే మంచం పక్కకొస్తుంది, దెబ్బలాడే పేషెంట్‌ని పట్టుకోవాల్సి వస్తుంది. ఇన్‌ఛార్జ్ ఒక్కరికైనా చెప్పండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం నుంచి ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చిన నియమం ప్రకారం కాన్పుకి ముందు ఆరు వారాలూ, దానికి ముందు నెలా, మీరు అడిగితే ఎక్కువసేపు నిలబడే పనీ, బరువు పనీ ఇవ్వకూడదు. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు. 50 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల్ని ఉంచే గది ఉండాలి.

మగ నర్సులకి ఎప్పుడూ నైటే వేస్తారు. న్యాయమేనా?

కాదు. “బ్రదర్ ఉంటే ధైర్యం” అని మేమే అంటాం, ఆ మాట వాళ్ల నడ్డి విరుస్తుంది. లెక్క రాసి చూపించి అడగండి: గత మూడు నెలల్లో ఎవరికి ఎన్ని నైట్లు అని. లెక్క చూపిస్తే నేనైతే కాదనలేను.

రాత్రిపూట అటెండర్లు గొడవ చేస్తే?

పేషెంట్ వెంట పదిహేను మంది వస్తారు, అందులో నలుగురు తాగి ఉంటారు. గొంతు పెంచకండి, గదిలో ఒంటరిగా ఉండకండి, మీ వెనక తలుపు తెరిచి ఉందో లేదో చూసుకోండి. చెడు వార్త చెప్పాల్సింది డాక్టర్, మీరు కాదు. చెయ్యి చేసుకుంటే 2008లో వచ్చిన రాష్ట్ర చట్టం ఉంది: ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. “పోనీలే, బాధలో ఉన్నారు” అని పైవాళ్లు సర్దిచెప్పబోతే కనీసం రాతపూర్వకంగా ఫిర్యాదైనా ఇవ్వండి. 112కి ఫోన్ చెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చేరేముందు ఇంటర్వ్యూలో ఏం అడగాలి?

జీతం అడుగుతారు, షిఫ్ట్ అడగరు. రాత్రి క్యాజువాలిటీలో ఎంతమంది నర్సులుంటారు, అందులో రెండేళ్లు దాటినవాళ్లు ఎందరు? డ్యూటీ డాక్టర్ ఆ అంతస్తులోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? చార్టు ఎన్ని రోజుల ముందు ఇస్తారు? నైట్ దిగాక ఎన్ని గంటల ఖాళీ? సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6కి ముందు ఆడవాళ్లతో పని చేయించుకోవాలంటే వాళ్ల సమ్మతి కావాలని, భద్రత యాజమాన్యమే చూడాలని 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ చెబుతోంది. కాబట్టి “రాత్రి దింపడానికి వ్యాన్ ఉందా మేడమ్” అని అడగడంలో తప్పు లేదు. మొదటి ప్రశ్నకే “ఒక్కరుంటారమ్మా, ఏం ఫర్వాలేదు” అన్నారంటే, కొత్తవాళ్లు అక్కడ చేరకండి. ఇంకో ఆసుపత్రి దొరుకుతుంది.

మొదటి నైట్‌కి బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

స్వెట్టరు, మే నెలలో కూడా. ఏసీ తెల్లారగట్ల ఎముకలు కొరుకుతుంది. ఇంకో జత యూనిఫారం, పురుగుమందు కేసు వాంతి మీద పడితే ఆ వాసనతో తెల్లారేదాకా ఉండలేరు, ఉండకూడదు కూడా, చర్మంలోంచి లోపలికి పోతుంది. సెల్లు ఛార్జరు, టార్చి, సెకన్ల ముల్లున్న వాచీ, టిఫిను బాక్సు, నీళ్ల సీసా. పెన్నులు మూడు. ఒకటి డాక్టరుగారు తీసుకుంటారు, ఒకటి ఎంఎల్‌సీ రాయడానికొచ్చిన కానిస్టేబుల్ తీసుకుంటాడు.